నడిగదిలో నీళ్లు

మా ఇంటి వెనక వరండాకు వైర్‌లెస్ అందలేదు. ఇదీ ఒక చెప్పుకునే విషయమేనా అని ఎవరికైనా అనిపిస్తే వాళ్ల తప్పు కాదు. ముందుగదిలో మోడెం, వెనక వరండాలో ల్యాప్‌టాప్, మధ్యన ఒకే ఒక గది. ఈ కొస నుంచి మనిషి మాట్లాడితే ఆ కొసకు వినపడుతుంది. నా భార్య ఉన్నన్నాళ్లూ మేమిద్దరం అలాగే, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఇంటి రెండు కొసల నుంచీ పోట్లాడుకునేవాళ్లం. ఆ పాటి దూరం దాటలేని యంత్రాన్ని తెచ్చుకున్నానని మొదట్లో నాకు చాలా కోపం వచ్చింది.

ఆ వరండా ఎందుకు కావలసి వచ్చిందో ముందు చెప్పాలి.

నేను పలాసలో సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. నా స్నేహితుడు అదే బడిలో సోషల్ చెప్పేవాడు. సొంతూరు అక్కుపల్లి, సముద్రం మీద వేటకు వెళ్లే ఇంట్లో మొదటగా బడి గడప తొక్కినవాడు. బాప్టిస్టు సంఘంలో పెద్ద. నేను దేవుణ్ణి నమ్మను. ఆయన నమ్మకుండా ఉండలేడు. మాకు చుట్టరికం లేదు, కులం ఒకటి కాదు, అయినా మా వైపు అలవాటు చొప్పున ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లం. ఆదివారం ఆరాధన కాగానే ఆయన బైబిలు సంచితోనే నేరుగా మా వెనక వరండాకు వచ్చేవాడు. జీడిచెట్టు వైపు బల్ల ఆయనది, గుమ్మానికి ముందు కుర్చీ నాది. నా భార్య టీ గ్లాసులు మధ్యన పెట్టి, "ఈయాలైనా దేవుడున్నాడో నేడో తేల్చీయండి. అస్తమానూ మీకు టీలు కాయనేను" అని లోపలికి పోయేది.

మా వాదానికి ఒక నియమం ఉండేది. మా చిన్నతనంలో టెక్కలిలో ఒక చర్చా మండలి నడిచేది. మా ఇద్దరికీ పరిచయమైంది అక్కడే, ఆ నియమం పట్టుబడిందీ అక్కడే. ఎదుటివాడి మాటను ఖండించే ముందు ఆ మాటను అతని కంటే బాగా నువ్వు చెప్పాలి. చెప్పి, "ఇదేనా నీ పక్షం?" అని అడగాలి. అతను "అవును" అంటేనే నీకు ఖండించే హక్కు వస్తుంది. "కాదు" అంటే మళ్లీ మొదటి నుంచి. మన దేశంలో పండితులు పూర్వపక్షం అని పేరు పెట్టి పాటించిన మర్యాదే ఇది. తరవాత పండితులూ వదిలేశారు, వాళ్లను తిట్టిన మా హేతువాదులూ వదిలేశారు. నా హేతువాద మిత్రుల సభలకు నేను చాలా ఊళ్లు తిరిగాను. అక్కడ మాట పూర్తి కాకముందే చప్పట్లు పడేవి. అందరూ నాతో ఏకీభవించేవాళ్లు. ఒక్కరూ నేనేమన్నానో తిరిగి చెప్పగలిగేవాళ్లు కారు. సభ ముగిశాక బస్టాండులో నిలబడితే, ఇంతసేపూ గోడలతో మాట్లాడానా అనిపించేది. నా మాటను నాకు తిరిగి చెప్పగలిగిన మనిషి నా జీవితంలో ఒక్కడే, అతను ప్రార్థన చేసేవాడు.

నా భార్య పోయిన కొన్నాళ్లకు ఆయనే ఒక అంశం ఎత్తాడు. చనిపోయినవాళ్ల పట్ల బతికున్నవాళ్లకు బాధ్యత ఏమైనా ఉంటుందా? ఉండదన్నాను నేను. ఆకలి లేనివాళ్లకు పిండం ఎందుకు, చూపు లేనివాళ్లకు దీపం ఎందుకు అన్నాను. వచ్చే ఆదివారం నా పక్షాన్ని ఆయన చెప్పాలి, నేను అవుననాలి, అప్పుడు ఆయన ఖండన మొదలవ్వాలి. ఆ ఆదివారం ఆయన రాలేదు. ఆస్పత్రిలో ఉన్నాడు.

మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు గురించి ఎవరూ ఎవరికీ వివరించరు. "ఆయనకీ అదే" అంటే చాలు, వినేవాడు తల వంచుకుంటాడు. డయాలసిస్ కోసం ఆయన విశాఖపట్నంలో కూతురింటికి మారిపోయాడు. అక్కడికి వెళ్లిన కొద్ది నెలలకే, మందుల వల్లనో మరెందువల్లనో, వినికిడి పోయింది. ఇక ఫోను పనికిరాదు. ఉత్తరాలు రాసి చూశాం. పూర్వపక్షం ఒక ఉత్తరంలో, దానికి అవును కాదు అనేది మరో ఉత్తరంలో. కోర్టు వాయిదాల్లా తయారైంది. ఆ మాటే ఆయనా రాసి, మానేశాడు.

ఒకరోజు ఆయన కూతురు ఫోను చేసింది. "మావయ్యా, నాన్న పెదాలు చూసి మాట పట్టడం నేర్చుకుంటున్నారు. మా కంప్యూటర్లో మనిషి కనపడతాడు. మీరూ ఒకటి పెట్టుకుంటే మీతో మాట్లాడతానంటున్నారు. అందరి నోళ్లకంటే మీ నోరు బాగా అలవాటట."

అప్పటికి అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి, అయినా ఇంటి ఫోన్లు ఎవరూ ఇంకా తీయించలేదు. ఆ ఫోను తీగ మీదనే ఇంటర్నెట్ ఇస్తున్నారని విని దరఖాస్తు పెట్టాను. బరంపురం వెళ్లి ల్యాప్‌టాప్ కొని, రైల్లో ఒళ్లోంచి దించకుండా తెచ్చుకున్నాను. టెలిఫోను ఆఫీసు మనిషి వచ్చి ముందుగదిలో ఫోను పక్కన చిన్న పీట మీద మోడెం బిగించాడు. వైరు లేకుండా కూడా పనిచేస్తుందన్నాడు. ఎలా అని అడిగితే, "మీరు సైన్సు మాస్టారు కదండీ" అని చెప్పులేసుకున్నాడు.

తెర మూలన చిన్న గుర్తు నొక్కితే, అందుబాటులో ఉన్న నెట్‌వర్కులు అని ఒక మాట వచ్చింది. దాని కింద ఒకే ఒక పేరు. అది నాదే. నగరాల్లో ఆ చోట ఇరుగుపొరుగు పేర్లన్నీ వరసగా కనపడతాయని తరవాత తెలిసింది. మోడెం కింద అంటించిన కాగితం మీద పొడుగాటి తాళం మాట, అదే పాస్‌వర్డు, ఉంది. దాన్ని తిరగేసి పట్టుకుని ఒక్క వేలితో కొట్టాను. మొదటిసారి తప్పన్నది. నెమ్మదిగా మళ్లీ కొట్టాను. కనెక్ట్ అయిందని వచ్చింది. ఆ మాట చదివి నడిగది వైపు తల తిప్పాను, ఎవరికో చెప్పబోతున్నట్టు. తరవాత తల మళ్లీ ఇటు తిప్పుకున్నాను.

ఆ ఆదివారం మొదటిసారి తెర మీద నా స్నేహితుడు కనపడ్డాడు. బాగా చిక్కిపోయాడు. మొహం వాచి ఉంది. మాట మాత్రం పాతదే, కాకపోతే తన గొంతు తనకు వినపడక కేకలేస్తున్నాడు.

"ఏటి బావా, ఏటీ కనబడ్డం నేదు. జీడితోటలో ఎలుగుబంటి కూకున్నట్టు కూకున్నావు."

మా ముందుగదికి కిటికీ చిన్నది. వీధివైపు పందిరి. పగలు కూడా చీకటే. ట్యూబులైటు వేశాను, అది నా వెనక ఉంది. బల్ల దీపం తెచ్చి ముందు పెట్టాను, కళ్లద్దాలు మెరిశాయి. కళ్లద్దాలు తీశాను, తెర నాకు కనపడలేదు.

"నోరు కదుపుతున్నావని తెలస్తాంది గానీ ఏటంటన్నావో తెలీడం నేదు. ఇన్నేళ్లూ నీ నోరు మూయించాలని సూసినాను. ఇప్పుడు నాకు సెవుడొచ్చి నువ్వు బతికిపోయినావు" అన్నాడు. నవ్వాడు. నవ్వి, అలసిపోయి వెనక్కి వాలాడు. "అక్కడేటి కూకుంటావు? మన వరండాలో కూకో. అక్కడ ఎలుతురు ఉంటాది. మన వాదం ఉండిపోనాది గదా, నీ పక్షం నాను సెప్పాలి. అవునో కాదో నీ నోట నాకు కనబడాల."

కూతురు కనపడకుండా పక్కనుంచి, ఆదివారాలు తప్ప ఆయనకు ఓపిక ఉండటం లేదని చెప్పింది. ఆ ఆదివారాలు కూడా ఎన్నాళ్లో చెప్పలేమని ఆ అమ్మాయి అనలేదు. గొంతును బట్టి నేనే అర్థం చేసుకున్నాను.

మర్నాడు ల్యాప్‌టాప్ తీసుకుని వరండాలో కూర్చున్నాను. మూలన గుర్తు మీద ఎర్ర అడ్డు పడింది. నెట్‌వర్కు ఏదీ లేదన్నది.

హేతువాదికి ఇలాంటప్పుడు ఒక రకమైన ఉత్సాహం వస్తుంది. కారణం లేకుండా ఏదీ జరగదు, ఆ కారణాన్ని పట్టుకోవడమే నా వృత్తీ మతమూ అని ఎన్ని సభల్లో అన్నానో. మోడెంతో వచ్చిన చిన్న పుస్తకం ముందు చదివాను. దళసరి గోడలు ఉండకూడదట. ఇనుప బీరువాలు అడ్డం ఉండకూడదట. చేపలు పెంచే అద్దాల తొట్టెలు దగ్గర ఉండకూడదట. అది చదివి నవ్వుకున్నాను. ఉద్దానంలో చేపలకు అద్దాల తొట్టె ఎవడు కడతాడు? వాటికి సముద్రం ఉంది, మాకు కూరచట్టి ఉంది.

ఒక్కో సంగతే మారుస్తూ పరీక్ష మొదలుపెట్టాను. తలుపులన్నీ తెరిచి చూశాను. మోడెం పీట ఎత్తు చేసి చూశాను. వంటింట్లోకి వెళ్లాను, అక్కడ కొద్దిగా అందింది, మధ్యన గోడ ఉన్నా అందింది. కాబట్టి గోడ కాదు. వరండాలో లేదు. మెట్లు దిగి పెరట్లోకి వెళ్లాను. పెరటి కొసన పనసచెట్టు కిందికి వెళ్లేసరికి గుర్తు పచ్చగా వెలిగింది. నేను నిలబడిపోయాను. దూరం పెరిగితే అందకూడదు. ఇక్కడ దూరాన అందుతోంది, దగ్గర అందడం లేదు. ల్యాప్‌టాప్‌ను అరచేతిలో పెట్టుకుని వరండాకీ చెట్టుకీ మధ్య మెల్లగా తిరగసాగాను.

గోడ అవతల నుంచి నవ్వు వినపడింది. పక్కింటి కోడలు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని చేస్తుంది. జీడి రసానికి చేతివేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. నా భార్యను అత్తా అనేది, నన్ను మావా అంటుంది.

"ఏటి సేత్తన్నావు మావా? అరసేతిలో కొబ్బరికాయెట్టుకుని బావికి నీళ్లు సూసేవోడిలాగ తిరుగుతున్నావు. పడ్డాదేటి ఎక్కడైనా?"

అది నాకు తగలవలసిన చోటే తగిలింది. కొబ్బరికాయ అరచేతిలో నిక్కితే అక్కడ నీళ్లున్నట్టని చెప్పి బావులు తవ్వించేవాళ్ల మీద నేను రాసిన వ్యాసాలు ఒక పెట్టెడు ఉంటాయి.

"ఇది వేరేలే" అన్నాను.

"ఏరేనేలే. కాయొకటే తక్కువ" అని, గోడమీద కూర గిన్నె పెట్టి పోయింది.

ఆమె వెళ్లాక పనసచెట్టు కింద నిలబడి ఇంటివైపు చూశాను. ఇక్కడి నుంచి ముందుగదికి గీత గీస్తే అది వంటింటి కిటికీలోంచి పోతుంది. వరండాలో కుర్చీ నుంచి గీత గీస్తే నడిగదిలోంచి పోతుంది. నడిగదిలో ఏముంది?

నీళ్లున్నాయి.

నడిగదిలో గోడవారగా, చెక్కల మీద, ఛాతీ ఎత్తున నీలం రంగు డ్రమ్ములు వరసగా ఉన్నాయి. అన్నీ నిండుగా. చేపల తొట్టె ఎందుకు వద్దన్నారో అప్పుడు వెలిగింది. అభ్యంతరం చేపల మీద కాదు. ఈ తరంగాలను నీళ్లు మింగేస్తాయి. సైన్సు మాస్టారిని, చేపలను చూసి నవ్వి నీళ్లను వదిలేశాను. కారణం దొరికింది. దొరికినందుకు సంతోషం కలగలేదు.

అవి నా భార్య పట్టిన వాన నీళ్లు. మా వైపు నేలలో నీళ్లే కిడ్నీలను తింటున్నాయని జనం అనుకోవడం మొదలయ్యాక ఆమె బావి నీళ్లు మానేసింది. డాబా మీది వాన నీళ్లను గొట్టంతో దింపేది. మొదటి జల్లు వదిలేసి, డాబా కడిగాక పడిన నీళ్లు మాత్రమే పట్టేది. డ్రమ్ము నోటికి పాత చీర గుడ్డ కట్టి, పైన మూత బిగించేది. నేను ఊరుకునేవాణ్ణి కాను. కారణం నీళ్లేనని ఎవరూ తేల్చలేదు, తేలని దాన్ని నమ్మి నడుం విరగ్గొట్టుకోవడం మూఢనమ్మకమే అనేవాణ్ణి. వంటింట్లోంచి జవాబు వచ్చేది: "నీ రుజువు వచ్చినదాకా నాకు దాహం ఆగుతాదేటి?" ఆమె జాగ్రత్త ఆమెను కాపాడలేదు. బహుశా చాలా ఆలస్యంగా మొదలుపెట్టింది. బహుశా కారణం వేరు. నాకు తెలియదు, తెలుసునని చెప్పేవాళ్లను నేను నమ్మను.

ఆఖరి వానాకాలం డ్రమ్ములన్నీ నింపి, మూతలు బిగించి ఆస్పత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు.

నేను కర్మకాండ చేయించలేదు. పదో రోజు లేదు, ఫోటోకు దండ లేదు, ఆ మాటకొస్తే గోడకు ఫోటోయే లేదు. బంధువులు గుమ్మంలో నిలబడి అనవలసినవన్నీ అన్నారు. నా స్నేహితుడు ఒక్కడే ఏమీ అనలేదు. ఆయన దేవుడి దగ్గర ఆమె కోసం ఏం అడిగాడో నాతో చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను ఫిల్టరు నీళ్ల క్యాన్లు వేయించుకుని తాగడం మొదలుపెట్టాను. డ్రమ్ములు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఒక్క మూతా తీయలేదు. ఎందుకు అని ఎవరైనా అడిగితే చెప్పడానికి హేతువులు సిద్ధంగా ఉండేవి. వేసవిలో పనికొస్తాయి. బరువు, ఒక్కణ్ణీ జరపలేను. ఎవరికీ అడ్డం లేవు కదా. హేతువులు వెతకడంలో హేతువాదిని మించినవాడు లేడు.

ఇప్పుడు అడ్డం వచ్చాయి.

వెంటనే ఒంపేశానని రాస్తే అబద్ధమవుతుంది. కాశీబుగ్గ వెళ్లి కంప్యూటర్ల దుకాణంలో పొడుగాటి కేబుల్ కొని తెచ్చాను. వైర్‌లెస్ లేకపోతే వైరుంది. మోడెం నుంచి వరండా దాకా ఒక తీగ లాగితే డ్రమ్ముల ఊసెత్తే పనిలేదు. ఇది పూర్తిగా హేతుబద్ధమైన పరిష్కారమని నాకు నేను చెప్పుకున్నాను. తీగను డ్రమ్ముల వెనక గోడవారగా తీసుకుపోవాలి, కాని నిండు డ్రమ్ములు అంగుళం జరగవు. అందుకని వాటి ముందునుంచి చుట్టు తిప్పి, నేలమీద అంటిస్తూ పోవాలి. మోకాళ్ల మీద కూర్చుని, తీగను మొదటి డ్రమ్ము దగ్గర వంచాను. రెండోదాని దగ్గరికి జరిగాను. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది.

టెక్కలి వెళ్లే దారిలో ఒక పేరంటాలు రాయి ఉంది. ఎప్పుడో పోయిన ఒక ఇల్లాలి పేర పాతిన రాయి. పసుపు, కుంకుమ, గాజులు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఊరివాళ్లు దాన్ని కదపనివ్వలేదు. రోడ్డునే వంచారు. బస్సులు ఇప్పటికీ అక్కడ ఒక పక్కకు ఒరిగి తిరుగుతాయి. ఆ వంపు మీద నేను అదే ఊరి సెంటరులో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. పోయినవాళ్ల కోసం బతికున్నవాళ్లు వంకర నడవాలా అని గొంతు చించుకున్నాను. చుట్ట కాల్చుకుంటున్న ఒక ముసలాయన అంతా విని, "మాస్టారూ, బస్సుకి డ్రైవరున్నాడు, సూసుకుని తిప్పుకుంటాడు. ఆవిడికి ఆ రాయి తప్ప ఏటున్నాది?" అన్నాడు. జనం నవ్వారు. నేను మరింత గట్టిగా అరిచాను. ఊరికి తిరిగొచ్చి ఆ ఉపన్యాసాన్నే వ్యాసంగా రాశాను. దాన్ని మెచ్చుకుంటూ నాకు చాలా ఉత్తరాలు వచ్చాయి.

ఇప్పుడు నేను మోకాళ్ల మీద ఉన్నాను. నా ఎదురుగా వరసగా నీలం డ్రమ్ములు, మూతల కింద చీర గుడ్డలు. తీగ వంపు తిరిగి ఉంది.

ఆ ముసలాయన పక్షాన్ని ఆ రోజు నేను తిరిగి చెప్పి ఉంటే, అతను అవునని ఉండేవాడా అని ఆలోచించాను. తరవాత లేచి, తీగ చుట్టేసి, బకెట్టు తెచ్చాను.

మూత తీస్తే వాసనేమీ లేదు. చీర గుడ్డ కింద నీళ్లు అద్దంలా ఉన్నాయి. నా మొహం కనపడింది, పక్కకు జరిగాను. బకెట్టు ముంచి తీసుకెళ్లి పెరట్లో కొబ్బరి మొక్కల పాదుల్లో పోశాను. మళ్లీ వచ్చాను. వయసు మీద పడిన మనిషి చేయవలసిన పని కాదు. మొదటి డ్రమ్ము సగమయ్యేసరికి గోడమీద నల్లటి వేళ్లు కనపడ్డాయి.

"ఆ నీళ్లేటి మావా, పారబోత్తన్నావు?"

"నడిగదిలోవి."

ఆమె గోడమీంచి బకెట్టులోకి తొంగిచూసింది. "అత్త పట్టినవా?"

"ఆ."

"ఏటొచ్చింది వాటికి? పురుగు పడ్డాదా?"

"లేదు. బాగానే ఉన్నాయి."

"బాగున్న నీళ్లు సెట్లకి పోత్తారేటి?" ఆమె గొంతులో కోపం ఉంది. కంప్యూటరు సంగతి, తరంగాల సంగతి చెప్పాను. ఎంత అర్థమయిందో తెలియదు. చివరికి, "ఆ బైబిలు మాస్టారికి నీ మొకం కనబడాలనా?" అంది.

"నా నోరు కనపడాలి."

"సరే, ఆగు" అని గోడ చుట్టూ తిరిగి బిందెతో వచ్చింది. బిందె ముంచుకుని, వంగి చేత్తో కాసిని నీళ్లు తాగింది. "ఈ నీళ్లకి కందిపప్పు బేగి ఉడుకుతాది. అత్త సెప్పీది. బోరు నీళ్లకి గంటసేపైనా పలుకే." బిందె నడుం మీద పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "నువ్వెప్పుడైనా తాగినావా మావా, ఇవి?"

తాగలేదని తల అడ్డంగా ఊపాను. రుజువు కాని నీళ్లు నేను తాగేవాణ్ణి కాను.

ఆమె బిందెతో వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గిన్నెతో ముద్దపప్పు పంపింది. పలుకు లేకుండా వెన్నలా ఉడికింది. ఒక్కణ్ణీ కూర్చుని అంతా తిన్నాను. దాన్ని ఎవరైనా పదో రోజు భోజనం అంటే ఈ రోజుకీ వాళ్లతో పోట్లాడతాను.

ఖాళీ డ్రమ్ములను దొర్లించుకుంటూ పెరట్లోకి తీసుకెళ్లి, జీడిచెట్టు కింద బోర్లించాను. నడిగదిలో చెక్కలు మిగిలాయి, వాటి మీద గుండ్రటి తడి గుర్తులు. గది ఇంత పెద్దదని నాకు తెలియదు. నడిస్తే అడుగుల చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చింది. ల్యాప్‌టాప్ తీసుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నాను. గుర్తు వెలిగింది. తాళం మాట కూడా అడగలేదు.

ఆదివారం మబ్బు పట్టింది, అయినా వరండాలో వెలుతురు ఉంది. తెర మీద నా స్నేహితుడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు.

"ఇదిగో, ఇప్పుడు బావలాగున్నావు. పళ్లు కూడా కనబడతన్నాయి. రెండు ఊడిపోనాయి గదా?"

"ఒకటే" అన్నాను.

"ఒకటేనా? సరే." మాట పట్టాడు. ఇద్దరం నవ్వాం. ఎన్ని నెలలకు నేను ఒక మాట అంటే ఒకరు అందుకున్నారో. ఆయన బల్ల నా ఎదురుగా ఖాళీగా ఉంది. ల్యాప్‌టాప్‌ను తీసుకెళ్లి ఆ బల్ల మీదే పెట్టాను, ఆయన కూర్చునే చోట.

అప్పుడు ఆయన చూపు నన్ను దాటి వెనక్కి పోయింది. నా వెనక గుమ్మం, గుమ్మంలోంచి నడిగది. ఆ బల్ల మీద నుంచి ఇన్నేళ్లూ ఆయన చూసిన దృశ్యమే.

"నీ ఎనకాల డ్రమ్ములుండాలి గదా."

"ఒంపేశాను" అన్నాను. పట్టలేదు. చేతులతో డ్రమ్ము వంచినట్టు చూపించాను. అప్పుడు పట్టాడు. ఎందుకని అడగలేదు. తనే ఊహించి ఉంటాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. బడిలో పాఠం మొదలుపెట్టే ముందు కూడా అలాగే చేసేవాడు.

"మన అంశం గుర్తున్నాది గదా. నీ పక్షం నాను సెప్పాలి. సెప్తాను, ఇను." కేకలెయ్యడం మానేశాడు, గొంతు పాత స్థాయికి దిగింది. "చనిపోయినవాళ్లకి ఆకలి లేదు, దాహం లేదు. అవసరం లేనివాళ్లకి మనం చెయ్యవలసింది ఏదీ లేదు. వాళ్లు వాడిన వస్తువు వస్తువే, పట్టిన నీళ్లు నీళ్లే. వాటిలో వాళ్లు లేరు. బతికున్నవాడికి అడ్డమొస్తే తీసేయాలి. తీసేసినందుకు తప్పు లేదు, బాధా ఉండక్కర్లేదు." ఆగాడు. "ఇదేనా నీ పక్షం?"

నేను సభల్లో చెప్పినదానికంటే బాగా చెప్పాడు. ఒక్క మాట కూడా వంకర తిప్పలేదు. అవునంటే చాలు, ఆయన ఖండన మొదలుపెడతాడు. ఇన్ని నెలలుగా నేను ఎదురుచూసింది దానికే. పెదాలు విప్పాను. ఆయన తెరకు దగ్గరగా వంగి, నా నోటినే చూస్తున్నాడు.

పెరట్లో చప్పుడు మొదలైంది. చినుకులు బోర్లించిన డ్రమ్ముల మీద పడుతున్నాయి. ముందు ఒకటీ అరా, తరవాత వరసగా అన్నిటి మీదా. నేను తల అటు తిప్పాను.

"ఏటి బావా, అటు సూత్తన్నావు? ఎవులొచ్చినారు?"

"ఎవరూ రాలేదు" అన్నాను.

ఆయన నుదురు ముడిచాడు. "మళ్లీ అను."

"ఎవరూ లేరు. వాన."

"వానా?"

"ఆ. వాన."

ఆయన తల ఊపి, వెనక్కి వాలకుండా అలాగే వంగి కూర్చున్నాడు, నా జవాబు కోసం. నేను ల్యాప్‌టాప్‌ను మెల్లగా పెరటివైపు తిప్పి, ఆయనకు వాన చూపించాను.